మోకాలి లోతు నీళ్లు

వెంకటమ్మ పొయ్యి ముందు కూచుని జొన్నపిండి ముద్దను పీట మీద చరుస్తోంది. కోడలు సౌందర్య పక్కనే ఉల్లిగడ్డలు కోస్తోంది. ఇటిక్యాలలోని ఆ రెండు గదుల ఇంట్లో రోజూ పొద్దున జరిగేదే. కానీ గడప మీద కూచుని చాయ్ తాగుతున్న వసంతకు మాత్రం సౌందర్య ఇంటి మనిషిలా కనిపించడం లేదు.

వసంత నాగర్‌కర్నూల్‌లో ఎస్సై. తండ్రి అబ్రహాం దేశమంతా తిరిగి డ్యాముల మీద పనిచేసి, ఆమె పదో తరగతిలో ఉండగానే పోయాడు. తల్లి వెంకటమ్మ కూలి చేసి ఇద్దరు పిల్లలనూ పెంచింది. తమ్ముడు విజయ్ కాలువ కింద రెండెకరాలు కౌలుకు పట్టి వరి వేసేవాడు. నాలుగు నెలల కిందట, 2007 నవంబరులో, మడికి నీళ్లు మళ్లించడానికి పోయి పిల్లకాలువలో శవమై తేలాడు. అందులో నీళ్లు మోకాలి లోతు. విజయ్ చిన్నప్పుడే కృష్ణలో ఈదినవాడు.

స్థానిక పోలీసులు అనుమానాస్పద మృతిగా రాసుకున్నారు. వసంత మాత్రం సెలవు దొరికినప్పుడల్లా వచ్చి తనే విచారిస్తోంది. నిన్న రెండు కాగితాలు ఆమె చేతికొచ్చాయి. ఒకటి హైదరాబాదు ల్యాబు రిపోర్టు. విజయ్ శరీరంలో మత్తు కలిగించే మందు ఆనవాళ్లున్నాయట. రెండోది సెల్లు కాల్స్ లిస్టు. చావుకు ముందు రెండు నెలల్లో విజయ్ భార్య సౌందర్య సెల్లు నుంచి గద్వాలలోని ఒక మందులషాపుకు ముప్పై ఒక్క కాల్స్ పోయాయి. ఆ షాపు ఆశీర్వాదానిది.

ఆశీర్వాదం విజయ్ ప్రాణస్నేహితుడు. వసంత పెళ్లాడబోయే మనిషి కూడా. తమ్ముడు పోవడంతో ఆగిన పెళ్లికి కొత్త తారీఖు అనుకుందామని ఈరోజే ఇంటికి వస్తానన్నాడు.

నిన్న సాయంత్రం గద్వాలలో దిగినప్పుడు వసంత అతన్ని మామూలుగానే అడిగింది. “విజయ్ నీ షాపుల ఎన్నడన్న మందులు కొన్నడా?”

“లేదు. వానికేం రోగముండె మందులు కొననీకి?” అన్నాడతను, సీసాలు సర్దుతూ. సర్దిన సీసానే మళ్లీ సర్దాడు.

అబద్ధం చెప్పేవాళ్లను వసంత రోజూ చూస్తుంది. కానీ తను మనసిచ్చిన మనిషి మొహంలో అబద్ధం కనిపిస్తే ఏం చేయాలో ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు. బస్సులో వస్తున్నంతసేపూ ఆమె కళ్ల ముందు ఒకటే మెదిలింది. తన ఇంట్లోనే, తన వెనకే, ఆశీర్వాదమూ సౌందర్యా. అడ్డొచ్చిన విజయ్.

పది గంటలకు ఆశీర్వాదం మోటార్‌సైకిల్ దిగాడు. చేతిలో మల్లెపూల పొట్లం ఉంది. వసంత దాన్ని తీసుకోలేదు.

“కూచో. నీతోనే పనుంది,” అని మంచం చూపించింది. “సౌందర్యా, నువ్వు గూడ ఇటు రా.”

సౌందర్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. వసంత కాల్స్ లిస్టు మంచం మీద పరిచింది.

“నీ సెల్లు నుంచి ఈయన షాపుకు ముప్పై ఒక్కసారి ఫోన్ పోయింది. ఏం మాట్లాడుకున్నరు ఇద్దరు?”

సౌందర్య ఆ కాగితం వైపు, ఆడబిడ్డ వైపు మార్చి మార్చి చూసింది. “నేను ఒక్కసారి గూడ చెయ్యలే వదినె. ఆయన నంబరే నాకు తెల్వదు.”

“మరి సెల్లు తనంతట తనే చేసిందా?”

“నిజంగ తెల్వదు వదినె.”

వసంత ఆశీర్వాదం వైపు తిరిగింది. “నువ్వు చెప్పు. వాని ఒంట్ల మత్తుమందు దొరికింది. నీకు మందులషాపుంది. నిన్న అడిగితే అబద్ధం చెప్పినవు.”

ఆశీర్వాదం ఒక్క క్షణం వంటింటి వైపు చూసి తల దించుకున్నాడు. “నేనేం చెప్పలేను వసంత. కావాలంటే స్టేషన్‌కు తీస్కపో. వస్త.”

“ఎవరిని కాపాడుతున్నవ్? ఈమెనా?”

“వదినె, ఏమంటున్నవ్ నువ్వు?” సౌందర్య ముందుకొచ్చింది. “నా మొగుణ్ని నేనే సంపిన్నంటున్నవా?”

వసంత కాదని అనలేదు. సౌందర్యకు అది చాలింది. గోడకు ఆనుకుని కూచుంది. వంటింట్లోంచి రొట్టె మాడిన వాసన వచ్చింది. వెంకటమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. చేతులకు పిండి అట్లాగే ఉంది.

“ఆ ఫోన్లు నేను చేసిన,” అంది.

వసంత తిరిగి చూసింది. “నువ్వా? ఎందుకు?”

“వానికి మూర్ఛ ఉండె బిడ్డా.”

వెంకటమ్మ గుమ్మంలోనే కూచుంది.

“పద్దెనిమిదేండ్లప్పుడు మొదలైంది. నువ్వప్పుడు హాస్టల్ల సదువుతుంటివి. కర్నూలు దవాఖానల మాత్రలు రాసిచ్చిరి. రోజొకటి ఏసుకుంటే ఏం కాదు, తప్పితేనే కష్టమనిరి. సంబంధం కుదిరినప్పుడు పిల్లోళ్లకు చెప్పలే. చెప్తే ఎవరిస్తరు పిల్లను? పెండ్లయినంక రోజు కోడలు నీళ్లకు పోంగనే నేనే ఇచ్చేదాన్ని. మాత్రలు అయిపోతే, వానికి జర తేడా అనిపిస్తే, ఆమె సెల్లు తీస్కొని ఆశీర్వాదానికి చేస్తుంటి.”

“మరి ఆ రోజు?” అడిగింది వసంత.

“వనపర్తిల ఉపవాస ప్రార్థన కూటాలుండె. వానికి నయం గావాలనే నేను మూడు దినాలకు పోయిన. మూడు మాత్రలు వాని చేతికిచ్చి పోయిన. పెండ్లాం చూస్తదని ఏసుకోనేలేదు. నేనొచ్చేసరికి వాడు లేడు. మూడూ ఇంట్ల విడిచిన అంగీ జేబుల అట్లనే ఉండె.”

వసంతకు పోస్టుమార్టం రిపోర్టులోని ఒక వాక్యం గుర్తొచ్చింది. నాలుక కొరుక్కున్న గాయం ఉందని రాశారు. అది పెనుగులాటలో అయిందనుకుంది. మోకాలి లోతు నీళ్లలో ఎవరూ తోయకుండానే, బోర్లా పడి, లేవలేక పోయిన తమ్ముడు ఇప్పుడు కనిపించాడు. ఒంట్లో దొరికిన మత్తుమందు ఏళ్ల తరబడి వాడు మింగిన మూర్ఛ మాత్రలదే.

“నువ్వన్న చెప్పొచ్చు గద,” అంది ఆశీర్వాదంతో.

“వాడు నాతోని మాట తీసుకుండు. అక్కకు తెలిస్తే పిల్లోళ్లకు చెప్పేస్తది, పెండ్లి ఆగిపోతదన్నడు. వాడు పోయినంక, చెప్పకుండ పెండ్లి చేసింది బయటపడ్తదని అత్తమ్మ బతిమాలింది.”

వసంత కాదనలేకపోయింది. తెలిసి ఉంటే చెప్పేసేదే. ఆ సంగతి తమ్ముడికి తనకంటే బాగా తెలుసు.

అప్పటిదాకా కదలకుండా కూచున్న సౌందర్య లేచి అత్త ముందుకు వచ్చింది. ఏడవడం లేదు.

“నాకు చెప్తే నేనిద్దును గద అత్తా,” అంది. “పొద్దుగాల లేవంగనే నా చేత్తోని ఇద్దును. మీరు మూడు దినాలు గాదు, మూడు నెలలు పోయినా తప్పకుండ ఇద్దును. అడగకనే పోతిరి. ఊరోళ్లు నా అడుగు మంచిది గాదన్న రోజు మీరు నా పక్కనే కూచున్నరు. అప్పుడు గూడ నోరు తెరవకపోతిరి.”

వెంకటమ్మ పిండి చేతులతోనే మొహం కప్పుకుంది. సౌందర్య లోపలికి పోయి బట్టలు సంచిలో సర్దుకుంది. ఆమె గడప దాటుతుంటే వెంకటమ్మ చెంగు భుజం మీదికి లాక్కుని వెనకే నడిచింది.

“నేను గూడ వస్త. మీ అమ్మానాయన ముంగట నేనే చెప్త. ఇంకొకరు చెప్పొద్దు.”

సౌందర్య పుట్టిల్లు పెబ్బేరు. వసంత కూడా బయల్దేరింది. బస్సులో ముగ్గురూ మూడు సీట్లలో కూచున్నారు. సౌందర్య తల్లి అలివేలమ్మ అంతా విని, “కండ్లు గప్పి మోసం జేసిండ్రు నా బిడ్డను,” అంది. ఆమె చాలాసేపు చాలా మాటలంది. వెంకటమ్మ ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. “అవును, చేసిన,” అని మాత్రం అంది, అడిగినప్పుడల్లా. పొద్దుటి నుంచి ఏమీ తినని ఆ ముసలి ఒళ్లు ఊగిపోతోంది.

సౌందర్య లోపలి నుంచి చెంబుతో నీళ్లు తెచ్చి అత్త నోటికి అందించింది. “తాగుండ్రి అత్తా.” తర్వాత తల్లి వైపు తిరిగి, “ఇగ చాలమ్మా. ఆమె కొడుకు గూడ పోయిండు,” అంది.

వెంకటమ్మ కోడలి చేయి పట్టుకుని ఏడ్చింది. అప్పుడు సౌందర్య కూడా ఏడ్చింది. కాసేపటికి వసంత సౌందర్య ముందు మోకాళ్ల మీద కూచుంది.

“నిన్ను అనరాని మాటన్న సౌందర్యా.”

“అన్నవు వదినె. మర్చిపోనీకి జర దినాలు పడ్తది.” కళ్లు తుడుచుకుంది. “కొన్నాళ్లు ఈడనే ఉంట. అత్తను తీస్కొని ఆదివారం రా.”

మర్నాడు ఇటిక్యాల స్టేషన్‌లో వాంగ్మూలాలు అయిపోయాయి. ఆశీర్వాదం చివరి కాగితం మీద సంతకం చేసి బయటికొచ్చాడు. వసంత మెట్ల పక్కన నీడలో నిలబడి ఉంది.

“నిన్ను హంతకుడన్న,” అంది అతని వైపు చూడకుండా.

“పేరు పెట్టి అనలే.”

“మనసులనుకున్న.”

“నేను నీతోని అబద్ధం చెప్పిన. అట్లనుకోక ఏం జేస్తవ్?” అన్నాడతను. “తారీఖు సంగతి ఇప్పుడడగను. నువ్వు అడిగిన దినం వస్త.”

వసంత అరుగు మీద కూచుంది. అతన్నీ కూచోమంది. నాలుగు నెలలుగా ఎంతోమందిని కూచోబెట్టి ప్రశ్నలడిగింది. ఇప్పుడు మాత్రం నెమ్మదిగా అడిగింది.

“వానికి మూర్ఛొచ్చినప్పుడు నువ్వు పక్కనున్నవా ఎప్పుడన్న?”

“ఉన్న. నాలుగైదుసార్లు.”

“తెలివొచ్చినంక ఏమనేటోడు?”

“మొదట నీ పేరే అనేటోడు. అక్కా అని పిలిచేటోడు. జరసేపటికి నన్ను గుర్తుపట్టి, అక్కకు చెప్పకు అనేటోడు.”

వసంత రెండు చేతులతో మొహం కప్పుకుంది. తమ్ముణ్ని మట్టి చేసిన రోజు కూడా ఆమె ఏడవలేదు. డ్యూటీకి పోదామని వేసుకున్న ఖాకీ బట్టల్లో, స్టేషన్ అరుగు మీద, పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చింది. ఆశీర్వాదం ఆమె పక్కకు జరిగి కూచుని, ఆమె వినగలిగేదాకా ఆగి, విజయ్ సంగతులు ఒక్కొక్కటే మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.