ఎర్రగీత పక్కన తెల్లగీత

తిరుమల కళ్యాణకట్టలో కత్తి నడినెత్తికి చేరిన సమయానికి, పక్కన కూర్చున్న భక్తుడు వంచిన తల ఎత్తకుండానే గొణిగాడు.

"కొండమీద మబ్బు పట్టింది."

"కింద ఎండ కాస్తోంది" అన్నాడు ధనంజయ.

కోడ్ కలిసింది. పక్కనున్నది కర్నల్, ఢిల్లీలో బోర్డు లేని ఒక ఆఫీసుకు అధిపతి. 1978 మే నెల ఆ ఉదయం, అంత పెద్ద హాలులో మొక్కు లేకుండా గుండు చేయించుకుంటున్నవాళ్ళు వాళ్ళిద్దరే అయి ఉంటారు. మంగళ్ళు నీళ్ళకోసం లేవగానే బ్రీఫింగ్ మొదలైంది.

"శనివారం రేణిగుంట నుంచి మధ్యాహ్నం ఫ్లైట్. మన రాకెట్ సైంటిస్టులు ఎక్కుతున్నారు. ఆ విమానాన్ని కూల్చాలని ఒక ఫారిన్ గూఢచారి రింగ్ పని మొదలుపెట్టింది. బాంబు కాదు. ఎలాగో తెలియదు."

"లోపల మన మనిషి?"

"పంకజాక్షి. ఎయిర్‌పోర్ట్ కౌంటర్. డబుల్ ఏజెంట్."

"చివరికి ఎవరి పక్షం?"

"అది ఆమెకే ఇంకా తేలలేదు."

కర్నల్ ఒక ఇత్తడి సున్నపు డబ్బీని అతని ఒళ్ళోకి జార్చాడు. పైన పలుచగా నిజమైన సున్నం; అడుగున జర్మన్ కెమెరా.

ధనంజయ ఏరోనాటికల్ ఇంజనీరు. ఎన్నో వేషాలు వేశాడు. ఏదీ ఇంత బరువనిపించలేదు. ఎదురుగా ఒక తండ్రి, జబ్బునుంచి తేరుకున్న పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకొని, రాలుతున్న ప్రతి వెంట్రుకకూ కళ్ళు తుడుచుకుంటున్నాడు. వాళ్ళు తలనీలాలు ఇస్తున్నారు. తాను జుట్టు పారేస్తున్నాడు.

తిరుచానూరులో ఆదిలక్ష్మమ్మ లాడ్జిలో గది దొరికింది. ఆమె అరుగుమీద కూర్చొని అమ్మవారికి పూలు కడుతూ ఉంటుంది. బొటనవేలి గోరుకు ఆరిపోయిన సున్నం, నోటినిండా తాంబూలం.

"ఏం మొక్కప్పా?"

"పాపకు జ్వరం తగ్గాలని" అన్నాడు. అతనికి పెళ్ళే కాలేదు.

"పేరేం?"

"వరద."

మరునాటినుంచి ఆమె రోజూ ఒక మూర వేరుగా తుంచి బుట్టలో పెట్టసాగింది. "ఇది మీ వరద పేరున. అమ్మవారికి నేనే సెప్పినాలే" అనేది. లేని బిడ్డకోసం పూలు గుడికి వెళ్తుంటే, ధనంజయ మొహం తిప్పుకునేవాడు.

అయినా వృత్తి వృత్తే. ఎయిర్‌పోర్టులో తచ్చాడటానికి సాకు కావాలి. హైదరాబాదులో ఉన్న తన చెల్లెలిని చూసి రమ్మని ఆదిలక్ష్మమ్మకు శుక్రవారం విమానానికి టికెట్ కొన్నాడు.

"నేనా? ఆ రెక్కల బండిలోనా? ఆడ పైన నిలిసిపోతే యాడ దిగేదబ్బా?"

"నిలిచిపోదమ్మా. పూచీ నాది."

ఆ టికెట్ వంకతో గురువారం దాకా కౌంటర్ చుట్టూ తిరిగాడు. గురువారం పంకజాక్షి నల్లకళ్ళద్దాలు నుదుటిమీదికి నెట్టి, సెంటు వాసనతోపాటు ఒక ఖాకీ చొక్కా అందించింది.

"శనివారం పొయ్యేదీ ఈ విమానమే. ప్యాసింజర్లు దిగినారు. క్లీనర్ మాదిరి లోపలికి పో. బిరబిరా రా."

కాక్‌పిట్‌లో రెండు టర్బోప్రాప్ ఇంజన్లకు రెండు ఉష్ణోగ్రత మీటర్లు. ఒక్క చూపుకే ధనంజయకు తేడా కనిపించింది. ఆ ఇంజన్‌కు టేకాఫ్‌లో ఎనిమిది వందల ముప్ఫై డిగ్రీలు హద్దు. హద్దును చూపే ఎర్రగీత మీటరు అద్దంమీద ఉంటుంది. ఇక్కడ అది ఎనిమిది వందల ఎనభై దగ్గర ఉంది, రెండింటిలోనూ. మే ఎండకు పలుచబడిన గాలిలో శక్తి చాలక, పైలట్ ముల్లును ఎర్రగీత దాకా తోస్తాడు. తాను హద్దులోనే ఉన్నాననుకుంటాడు. లోపల టర్బైన్ బ్లేడ్లు ఎర్రగా కాలి, టేకాఫ్ టేకాఫ్‌కూ వెంట్రుకవాసి సాగుతాయి. ఒకనాడు తెగుతాయి.

ఒక్కటే అంతుపట్టలేదు. అద్దం తిరిగితే తెలియడానికి, అద్దానికీ చట్రానికీ కలిపి ఒక తెల్లగీత గీస్తారు. అద్దం జరిగితే ఆ గీత రెండు ముక్కలు కావాలి. ఇక్కడ అది చెక్కుచెదరలేదు. డబ్బీ మూత తెరిచి ఫొటో తీసుకొని బయటపడ్డాడు.

"చెంగయ్య తిప్పినాడు" అంది పంకజాక్షి, అటుగా పోతున్న క్లీనర్‌ను కంటితో చూపి. అతని నోరు తాంబూలంతో ఎర్రగా పండి ఉంది. "ఎందుకో వాడికీ తెల్దు. ఫారిన్ వాచీకి ఆశపడినాడు. రింగ్ లీడర్‌ను నేనూ చూడలా. రేపు ఫ్లైట్ లేచినాక కౌంటర్‌కు వచ్చి కోడ్ సెప్తాడంట."

ఆ సాయంత్రం, వైర్‌లెస్ దాచిన ట్రాన్సిస్టర్‌లో అంతా విన్న కర్నల్ గొంతు పొడిగా పలికింది.

"రేపు ఫ్లైట్ ఎగరాలి. ఆగితే లీడర్ మాయమవుతాడు. లెక్క ప్రకారం బ్లేడ్లు శనివారం దాకా ఆగుతాయి."

"సర్, హద్దు దాటాక ఎప్పుడు తెగుతాయో ఏ లెక్కా చెప్పలేదు. హద్దు పెట్టేదే అందుకు. రేపు నలభైమంది..."

"టికెట్లు రద్దు చేయకు. ఇట్స్ యాన్ ఆర్డర్."

శుక్రవారం ఆదిలక్ష్మమ్మ పట్టుచీర కట్టి, పూలబుట్టతో బయలుదేరింది. దారిపొడుగునా ఆమె మాట్లాడుతూనే ఉంది. ధనంజయ ఊఁ కొడుతూనే ఉన్నాడు. మెట్లు ఎక్కబోతూ ఆగి, బుట్టలోంచి మూర తీసి అతని చేతిలో పెట్టింది.

"ఈ పొద్దు అమ్మవారికి ఇయ్యలేకపోతి. పాపకు నువ్వే ఇయ్యి. పొయ్యొస్తానప్పా."

ఆమె లోపలికి వెళ్ళింది. కుడి ప్రొపెల్లర్ తిరగసాగింది. ఎడమది ఇంకా కదలలేదు. మెట్లు ఇంకా తీయలేదు. ధనంజయ కంచెదగ్గర నిలబడి, ఆర్డర్ అనే మాటను మనసులో పదేపదే అనుకున్నాడు. ఆ మాటకు కాళ్ళు మాత్రం లొంగలేదు. "సామీ, ఈమెను దించు. తలనీలాలు ఇస్తాను" అని నోరు దానంతటదే పలికింది. అతను పరుగెత్తాడు.

కాక్‌పిట్ తలుపు తెరుచుకోగానే పైలట్ మండిపడ్డాడు.

"ఎవడయ్యా నువ్వు?"

"కెప్టెన్, మీ ఎర్రగీత అబద్ధం. ఎనభై చూపిస్తోంది. ముప్ఫై ఉండాలి."

"ఇంజన్లు కొత్తగా మార్చారు, దాంతో లిమిట్ మారింది. గీత ఎక్కడుంటే అదే మాకు చట్టం. తెల్లగీత తెగిందా? లేదు. దిగు!"

తెల్లగీత. ధనంజయ దానిమీదికి వంగాడు. ఎండవేడికి అది సన్నగా బీటలు వారింది. పెయింటు అలా బీటలు వారదు. ఆదిలక్ష్మమ్మ గోరు గుర్తొచ్చింది. వెంటనే చెంగయ్య ఎర్రటి నోరు గుర్తొచ్చింది. తెగిన గీతను కప్పడానికి, తమలపాకుకు రాసినంత అలవాటుగా, చెంగయ్య తన డబ్బీలోని సున్నాన్నే గోటితో గీశాడు!

ధనంజయ బొటనవేలు నాలుకకు తడిచేసి రుద్దాడు. సున్నం వేలికి వచ్చేసింది. దాని కింద అసలు గీత రెండు ముక్కలై, ఒకటి చట్రంమీద, ఒకటి వేలి మందం దూరంలో అద్దంమీద కనిపించింది.

కెప్టెన్ ఒక్క క్షణం దానివంక చూశాడు. ఆ తర్వాత చెయ్యి చాచి ఇంజన్ ఆపేశాడు.

కౌంటర్ దగ్గర జనం మూగారు. విమానం ఎప్పుడు లేస్తుందని అందరూ అడిగారు. గంధం పూసుకున్న ఒక తెల్లతోలు గుండాయన మాత్రం, ఎవరు ఆపారని అడిగాడు. పంకజాక్షి తియ్యగా నవ్వి, "లోపలికి రండి సామీ, సెప్తాను" అని రిటైరింగ్ రూములోకి తీసుకుపోయి, బయట గొళ్ళెం పెట్టింది.

"రెండు జీతాలు తింటా ఉండానే" అంది ధనంజయతో, కళ్ళద్దాలు దించుకుంటూ. "ఒక దానికన్నా న్యాయం సెయ్యొద్దా?"

లీడర్ దొరికాడు గనుక కర్నల్ ధిక్కారం సంగతి ఎత్తలేదు. ఆదిలక్ష్మమ్మ మాత్రం ఊరుకోలేదు. "ఎక్కినాను, దిగినాను. నడుమ ఎగరడం ఒకటే తక్కవ" అని దారంతా నవ్వి, లాడ్జి వాకిట్లో అతని ముఖంలోకి చూసింది. "పాపకెట్ల ఉండాది?"

అతని చేతిలో పూలమూర వాడిపోయి ఉంది.

"తగ్గిందమ్మా" అన్నాడు. నిజం చెప్పడానికి కావలసిన ధైర్యం అతనికి ఏ శిక్షణలోనూ నేర్పలేదు.

మరునాడు మళ్ళీ కొండ ఎక్కాడు. ఈసారి కోడ్ లేదు, కర్నల్ లేడు, మొక్కు నిజమైనది. మంగలి నూగు మాత్రమే మొలిచిన అతని తలను అటూ ఇటూ తిప్పి చూసి, కత్తి పక్కన పెట్టాడు.

"మొక్కు సరే సామీ. ఈడ గీసేదానికి ఏముండాది? మొలిసినాక రా, పో."