ముడులు విప్పినాయన

పాకాలలో రైలెక్కినప్పుడు నా ఒడిలో ఉన్న మూడు రంగుల నూలు చిలప, చిత్తూరు దాటేసరికి ఒక్క ముడి కూడా లేకుండా ఎదురుసీటు మనిషి మోకాళ్ల మీద ఉంది. అక్కా నేనూ కాసేపే కునుకు తీశామనుకున్నాం.

"సిక్కుపడిందని విప్పినా. మాది నగరి, నేతోళ్లం. ముడి కనబడితే మా సేతులు ఊరుకోవు," అన్నాడు, మెచ్చుకుంటాననుకుని.

"అవి మా పిల్లోడి ఫిట్సబ్బా. మూణ్ణెల్లవి," అన్నాను. పక్కన అక్క ఏడుపు మొదలుపెట్టింది.

1982 వానాకాలం అది. నాకింకా పెళ్లి కాలేదు. అక్క కొడుకు జయరామ్‌కు నాలుగేళ్లు. "అమ్మ" తప్ప మరో మాట లేదు. రెండు రకాల మందులకూ ఫిట్స్ లొంగలేదు. మూడో మందు ఇచ్చి, మూడు నెలల్లో ఎన్నిసార్లు వస్తుందో రాసుకురమ్మన్నాడు వేలూరు డాక్టరు. దానికీ తగ్గకపోతే చిన్నతనంలోనే ఆపరేషన్ చేయాలట. ఆలస్యమైతే మాటలు రావడం కష్టమట. మాకు రాత రాదు. అందుకే వచ్చినప్పుడల్లా నూలుకు ఒక ముడి వేశాను, నెలకో రంగు.

ఎదురుసీటు మనిషి పేరు ఏకాంబరం. చాలాసేపు కిటికీలోంచి వాన చూశాడు. తర్వాత కళ్లు మూసుకుని, వేళ్లతో గాలిలో ఏదో విప్పుతూ అన్నాడు.

"ఎరుపులో తొంభైరెండు. పచ్చలో నూటపద్దెనిమిది. నలుపులో నూటనలభైఒకటి."

మగ్గం మీద పోగు ఎన్నిచోట్ల తెగి ముడేశాడో వాళ్ల నాయన రోజూ అడిగేవాడట. ముడులు లెక్కపెట్టడం అలా అలవాటైందట.

ఆస్పత్రికి తానే వచ్చి ఆ లెక్క ఒప్పజెప్పాడు. డాక్టరు నవ్వుతూనే రాసుకున్నాడు. నెలనెలా పెరుగుతున్నాయి కాబట్టి ఆపరేషన్‌కే నిర్ణయించాడు.

ఏకాంబరం నగరికి వెళ్లిపోయాడు. ఆపరేషన్ రోజు మళ్లీ వరండాలో కనిపించాడు. చీరలు అమ్మడానికి వచ్చానన్నాడు. చేతిలో ఒక్క చీరా లేదు.

మా అమ్మను కూడా అలాంటి ఆపరేషన్ గది తలుపు లోపలికే తీసుకెళ్లారు, మళ్లీ చూడలేదు. ఆరు గంటలు ఆ తలుపునే చూస్తూ కూర్చున్నాను. అతను బన్ను తెచ్చాడు.

"తిను. నువ్వు పడిపోతే ఇంగో మంచం యాడ దొరుకుతాది?"

ఏడవాల్సిన చోట నన్ను నవ్వించినందుకు అతని మీద చాలా కోపం వచ్చింది.

జయరామ్ బతికాడు. ఫిట్స్ లేకుండా ఇరవై రోజులు గడిచాయి. ఏకాంబరం రోజు విడిచి రోజు వచ్చి, వాణ్ణి ఎత్తుకుని వరండా చివరిదాకా వెళ్లేవాడు.

ఆస్పత్రి నుంచి పంపించాక కాట్పాడిలో మా రైలెక్కి కూర్చున్నాం. మమ్మల్ని ఎక్కించడానికి వచ్చిన అతను అరక్కోణం వైపు వెళ్లాలి. నేను తల తిప్పుకున్నాను. వెళ్లిపోయే మనిషి ముఖం చూసే ధైర్యం నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

అక్క భుజం మీది నుంచి జయరామ్ చెయ్యి చాచాడు.

"సిన్నాయనా."

అక్క వాణ్ణి ముద్దులతో ముంచెత్తింది. ఉన్నట్టుండి ఆగి నా వైపు చూసింది. జయరామ్ నాయనకు తమ్ముళ్లు లేరు. ఇక ఆ పిలుపు చిన్నమ్మ మొగుడిదే. వాడికి చిన్నమ్మను నేనొక్కదాన్నే.

"బిడ్డకి ఈ మాట ఎవురు నేర్పించినారబ్బా?"

ఏకాంబరం చెవులు ఎర్రబడ్డాయి.

"పది దినాలు పట్టిందక్కా," అన్నాడు.

గార్డు ఈల వేశాడు. నేను కిటికీ వైపు జరిగి, నా పక్కన అతనికి చోటిచ్చాను.