మొదటి ఆయిల్

శ్రీదుర్గ పొద్దున్నే బండి బానెట్ ఎత్తి, ఆయిల్ చూసే గేజి లాగి తెల్లగుడ్డకు తుడిచింది. నిన్న నల్లగా ఉన్న ఆయిల్ ఇవాళ తేనెరంగులో ఉంది. రాత్రికి రాత్రి నలుపు వదిలే ఆయిల్ ఏ బజారులోనూ దొరకదు. తలుపు తీసి మీటరు చూసింది. నిన్న సాయంత్రం తను పుస్తకంలో రాసుకున్న అంకె 1,604. ఇప్పుడు 1,613 ఉంది.

తొమ్మిది కిలోమీటర్లు. గుణదల నుంచి ఆటోనగర్‌లో నాన్న కొట్టుకు వెళ్లి వస్తే సరిగ్గా అంతే.

"అమ్మా, బండి ఎవరు తీశారు?"

మాణిక్యమ్మ గుమ్మంలో కూర్చుని చిక్కుళ్లు తుంచుతోంది. "నన్నడుగుతావేంటి? మీ నాన్న ఐదింటికి పాలకని వెళ్లి ఏడింటికి వచ్చారు. పాలు మాత్రం నేనే తెచ్చుకున్నా."

"నా బండి ముట్టుకోనన్నాడు కదా."

"ముట్టుకోలేదేమో మరి. చొక్కా మోచేతికి గ్రీజు ఎలా అంటిందో నాకేం తెలుసు? స్నానం చేసి మళ్లీ ఆటో ఎక్కి కొట్టుకెళ్లారు. దోసెలు తిని అక్కడికే పోయి అడుగు."

దోసెలు తినకుండానే శ్రీదుర్గ తాళం తీసుకుంది.

ఆ పికప్ బండి కొని నలభై రోజులైంది. విత్తనాల కంపెనీ ఆఫీసులో పదకొండేళ్లు పనిచేసి, ఆ ఉద్యోగం మానేసి కొన్నది. కంకిపాడు వైపు నర్సరీల్లో మిర్చి, టమాటా నారు ట్రేలు ఎక్కించుకుని రైతుల పొలాల దగ్గర దింపడం ఆమె పని. లేతనారు దారిలో గంట ఎండలో ఆగిందంటే రైతు తీసుకోడు. కాబట్టి బండి ఆగకూడదు. ఆ వ్యాపారమంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది.

ఆమె తండ్రి బసవపున్నయ్య ముప్పై నాలుగేళ్లుగా బండ్ల ఆయిళ్లు, ఫిల్టర్లు అమ్ముతున్నాడు. ఊళ్లో వాళ్ల బండ్లన్నిటికీ సలహా చెప్పే మనిషి, కూతురి బండికి నిమ్మకాయలు తొక్కించే రోజున కూడా రాలేదు. ముప్పై మూడేళ్ల ఆడపిల్ల స్టీరింగ్ పట్టుకుని తిరిగితే సంబంధాలు ఎటు నుంచి వస్తాయన్నది ఆయన లెక్క. ఉయ్యూరులో ఉన్న తన అక్క సంపూర్ణమ్మకు, పిల్ల ఇంకా ఆఫీసుకే వెళ్తోందని చెబుతున్నాడు. శ్రీదుర్గ ఎన్ని ట్రేలైనా ఎత్తగలిగేది గానీ, ఆ అబద్ధం మాత్రం ఆమెకు బరువుగానే ఉండేది.

కొట్టు ముందు బండి ఆపి దిగేసరికి, బసవపున్నయ్య స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా పేపరు మీద నిలువునా కోసిన ఆయిల్ ఫిల్టర్, దాని లోపలి మడతల కాగితం పరిచి ఉన్నాయి. పక్క షెడ్డు మెకానిక్ లాజరు టీ తాగుతున్నాడు.

"ఏ ఆయిల్ పోశావు నాన్నా?"

"ముందు కూర్చో."

"కూర్చోను. పది గంటలకి నర్సరీ దగ్గరుండాలి. ఏ ఆయిల్?"

"మన డ్రమ్ములోదే. ఇన్నేళ్లలో దాని మీద ఒక్క కంప్లయింటు రాలేదు."

"అడక్కుండా నా బండి ఎందుకు తీశావు?"

"నన్నడిగి కొన్నావా?"

"అయితే చెల్లుకి చెల్లు" అన్నాడు లాజరు. ఇద్దరూ అతని వంక చూశారు. అతను మళ్లీ గ్లాసులోకి చూసుకున్నాడు.

బసవపున్నయ్య చిన్న అయస్కాంతాన్ని కాగితం మడతల మీద తిప్పి కూతురికి చూపించాడు. దాని అంచున సన్నటి మెరిసే పొడి మీసంలా లేచింది.

"కొత్త ఇంజన్‌లో ఇనుము ఇనుముతో సర్దుకుంటది. ఆ రాపిడికి రాలిన పొడి ఇది. కంపెనీ వాడు ఇరవై వేల కిలోమీటర్లకి మార్చమన్నాడు. వాడిదేం పోయింది? వెయ్యి దాటగానే మొదటి ఆయిల్ దించేస్తే ఇంజన్ పదేళ్లు మాట వింటది. గేరుబాక్సులోదీ, వెనక ఇరుసు హౌసింగులోదీ మార్పించా. డీజిల్ ఫిల్టర్ కింద మర తిప్పితే నీళ్లొచ్చినయి, అదుగో సీసాలో. గాలి ఫిల్టర్ నిండా కరకట్ట దుమ్మే. దులిపి పెట్టా."

శ్రీదుర్గ సీసా ఎత్తి చూసింది. అడుగున వేలెడు నీళ్లు. నాన్న లెక్కలో తప్పు లేదు. కానీ ఆమె బండిలోంచి కంపెనీ పుస్తకం తెచ్చి, మడత పెట్టిన పేజీ తీసింది.

"మార్చడం తప్పని నేననట్లేదు. ఇది చదువు. పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టర్ ఉంది. మామూలు ఆయిల్ కాలి మిగిలే బూడిద దాంట్లో పేరుకుంటది. బూడిద తక్కువ మిగిలే రకమే పోయమని రాశారు. డ్రమ్ములోది ఆ రకమేనా?"

బసవపున్నయ్య కళ్లద్దాలు పెట్టుకుని ఆ పేజీ రెండుసార్లు చదివాడు. ఆ రకం డబ్బాలు ఆయన కొట్లోనే పైఅరలో దుమ్ముపట్టి ఉన్నాయి. ఆయన దగ్గరకు వచ్చేవన్నీ పాత లారీలు, వాటికి డ్రమ్ములోది చాలు. చెయ్యి అలవాటు కొద్దీ డ్రమ్ము దగ్గరకే వెళ్లింది. ఫిల్టర్లు అమ్మి ఇల్లు కట్టిన మనిషి, కూతురి బండిలోనే ఒక ఫిల్టర్‌ను మరిచిపోయాడు.

"పోశాక తొమ్మిది కిలోమీటర్లే తిరిగింది. ఏం కాదు" అన్నాడు. "చూసి పోయాల్సింది. నాదే పొరపాటు."

ఆ మాట ఆయన నోట ఆ కొట్లో ఎవరూ విని ఉండరు. శ్రీదుర్గకు కోపం నిలవలేదు, కన్నీళ్లు వచ్చాయి.

"ఆయిల్ గురించి కాదు నాన్నా. ఆయిల్ ఎవరైనా మారుస్తారు. పగలు నా బండి పక్కన నిలబడటానికి నీకు మొహం చెల్లలేదు, అదీ నా బాధ. చీకట్లో తీసుకెళ్లి, నేను చూడకముందే తెచ్చి పెట్టావు. అత్తయ్యకేమో ఆఫీసుకెళ్తున్నానంటావు. నా కూతురి బండి అని ఒక్కసారి నువ్వు చెబితే చాలు నాకు."

బసవపున్నయ్య పేపరు మీది ఇనుప పొడిని అయస్కాంతంతో ఏరసాగాడు. లాజరే కల్పించుకున్నాడు.

"అమ్మాయిగారూ, నెల నుంచీ రోజూ ఒకటే ప్రశ్న, 'లాజరూ, పిల్ల బండి వెయ్యి దాటుంటదా' అని. ఇవాళ నన్ను బండి కిందికి పోనివ్వలేదు. మీ మోకాలు బాగోదు గదండీ అంటే, నువ్వు బోల్టు అతిగా బిగిస్తావు, రేపు అది ఒక్కతే కరకట్ట మీద ఆగిపోతే ఎవరొస్తారయ్యా అని తనే దూరారు. లేవడానికి మాత్రం నా చెయ్యి కావాల్సొచ్చింది."

"నీ టీ అయిపోయింది గదా, ఇంక పో" అన్నాడు బసవపున్నయ్య. తర్వాత లేచి, నిచ్చెన వేసుకుని పైఅర నుంచి డబ్బాలు దించాడు. వాటి మీద రాసింది పుస్తకంలోని పేజీతో అక్షరం అక్షరం సరిచూశాడు. కొత్త ఫిల్టర్, కొత్త వాషర్ తీశాడు. "నర్సరీకి ఫోన్ చేసి పదకొండు అని చెప్పు. లాజరూ, అట్ట తెచ్చి కింద పరుచు."

ఈసారి బండి కిందికి శ్రీదుర్గ వెళ్లింది. ఆయన వంగి, టార్చి పట్టుకుని చెబుతున్నాడు. "పాత వాషర్ ఊడిందా? ఫిల్టర్ రబ్బరుకి కాస్త ఆయిల్ రాయి. చేత్తోనే బిగించు. బోల్టు ఇంకొంచెం... చాలు, ఆపు." పొద్దున పోసిన ఆయిల్ వృథా అయిందని ఆయన అనలేదు. ఇంజన్ ఇంకోసారి కడిగినట్టయిందన్నాడు. కస్టమర్ల బండ్లకు రాసినట్టే బానెట్ లోపల తారీఖు, కిలోమీటర్లు రాసి, డబ్బా నంబరుతో సహా బిల్లు రాసి కంపెనీ పుస్తకంలో పెట్టాడు.

శ్రీదుర్గ చేతులు కడుక్కుని స్టీరింగ్ ముందు కూర్చునేసరికి ఎడమవైపు తలుపు తెరుచుకుంది. బసవపున్నయ్య మోకాలు పట్టుకుని ఎక్కాడు. నలభై రోజుల్లో మొదటిసారి.

"కంకిపాడు దాకా వస్తా. ఇంజన్ శబ్దం వినాలి" అన్నాడు.

వినాల్సిన శబ్దమేదీ లేదని ఆమెకు తెలుసు. బండి బందరు రోడ్డు ఎక్కాక, ఆయన ఫోన్ తీశాడు.

"అక్కా, నేనే. నువ్వు చూసిన ఆ సంబంధం వాళ్లకి మా పిల్ల ఆఫీసులో చేస్తుందని చెప్పావు గదా, మార్చి చెప్పు... నీ తప్పేం లేదు, నేనే నీకు అబద్ధం చెప్పా. పిల్లకి సొంత బండి ఉంది, నారు రవాణా చేస్తది. తనే నడుపుద్ది... నచ్చకపోతే రావద్దని చెప్పు... ఎక్కడున్నానా? మా అమ్మాయి బండిలోనే ఉన్నా."

అవతల సంపూర్ణమ్మ చాలాసేపు ఏదో అంది. ఆయన విని, చివరికి అన్నాడు.

"బండి శబ్దం నీకు వినపడదులే. ఇవాళే ఆయిల్ మార్చాం, మా అమ్మాయీ నేనూ."

శ్రీదుర్గకు ముందున్న లారీ మసకబారింది. బండి నెమ్మది చేసి, భుజంతో కళ్లు తుడుచుకుంది.

"రోడ్డు చూడు" అన్నాడు బసవపున్నయ్య, కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ.