ముందు ముసల్దాన్ని చూడమ్మా

బస్సు దిగాక కొండవాలు మీదికి గంటన్నర నడక. పేదలకి ఉచితంగా వైద్యం చేసే ఓ సంస్థలో నర్సుగా చేరి పదకొండేళ్లయింది ఆమెకి. డాక్టరుగారి వ్యాను నెలకోసారి కింద రోడ్డు దాకా వచ్చి వెళ్లిపోతుంది. పైన విసిరేసినట్టున్న ఇళ్లకి డాక్టరైనా, కాంపౌండరైనా నర్సమ్మే. భుజాన సంచీ, అందులో బీపీ మిషను, మాత్రలు, నీళ్ల సీసా. పొద్దుట్నుంచీ "ఎలా ఉన్నారు?" అని నలభై మందిని అడుగుతుంది. సాయంత్రం గది తాళం తీసి లోపలికెళ్లాక, ఆ మాట ఆమెని అడిగేవాళ్లు ఉండరు.

ఆ గురువారం ఆఖరి ఇంటికి చేరేసరికి మూడు దాటింది. పొగమంచు కమ్ముకుని పట్టపగలే మసక పడింది. చూరు నుంచి బొట్టు బొట్టుగా నీళ్లు రాలుతున్నాయి. ఆ ఇంట్లో ఉండేది తాత ఒక్కడే. భార్య పోయి నాలుగు నెలలు. ఆ ముసలమ్మ పక్కన ఆఖరి ఘడియలో కూర్చున్నది, ప్రాణం పోయాక చేత్తో ఆమె కళ్లు మూసింది నర్సమ్మే.

తాతకి బీపీ చూసి ఉలిక్కిపడింది. ముల్లు రెండొందలు దాటింది. గూట్లో పోయిన వారం ఇచ్చిన ఏడు మాత్రలూ ఇచ్చినట్టే ఉన్నాయి.

"ఏంటిది తాతా? కాలూ చెయ్యీ పడిపోతే ఈ కొండ మీద నిన్ను చూసేదెవరు?"

"ఇద్దరికీ కలిపి చూసేదానివి. ఇప్పుడు నాకొక్కడికే మందిస్తే గొంతు దిగదు. ముందు ముసల్దాన్ని చూడమ్మా."

గోడవార మంచం చూపించాడు. దుప్పటి పరిచి ఉంది. దిండు పెట్టి ఉంది. దగ్గరికెళ్తే ముసలమ్మ మోకాళ్లకి రాసుకునే తైలం వాసన గుప్పుమంది.

నర్సమ్మ నిట్టూర్చింది. ఒంటరితనం మనిషిని ఏం చేస్తుందో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. ముసలాయన మాత్ర మింగితే అంతే చాలు. మంచం పక్కన కూర్చుని, దుప్పటికి జానెడెత్తున, చెయ్యి ఉండాల్సిన చోట బీపీ మిషను పట్టీ గుండ్రంగా చుట్టి పట్టుకుంది. నాటకం రక్తి కట్టాలని స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకుని, బిళ్ల పట్టీ అంచున దూర్చింది.

"గట్టిగా బిగించకు, దానికి నొప్పి" అన్నాడు తాత, గుసగుసగా.

"అలాగే" అంటూ రబ్బరు బుడ్డ నొక్కడానికి పట్టీ వదిలేసింది.

పట్టీ కింద పడలేదు.

గాల్లో అలాగే ఉంది... గుండ్రంగా. లోపల ఏమీ లేదు. దానిలోంచి అవతలి గోడ కనిపిస్తోంది. వేళ్లు అలవాటు కొద్దీ బుడ్డ నొక్కాయి. పట్టీ ఉబ్బింది... దేన్నో పట్టుకుని బిగిసింది. గాలి వదిలింది. ముల్లు దిగుతూ దిగుతూ... నూట ముప్పై దగ్గర వణికింది.

చెవుల్లో చప్పుడు.

టక్... టక్... టక్... టక్... తర్వాత ఏమీ లేదు. మళ్లీ నాలుగు. మళ్లీ ఏమీ లేదు.

నాలుగు కొట్టుకుని ఒకటి తప్పే ఆ గుండెని ఆమె ఆరేళ్లు విన్నది. అది ఆగిపోవడమూ ఈ చెవులతోనే విన్నది.

"ఎంతుందమ్మా?"

"నూట... ముప్పై."

"చూశావా, నాకంటే నయం!" తాత మురిసిపోయాడు. మాత్ర నోట్లో వేసుకుని గటగటా నీళ్లు తాగాడు.

పట్టీ ఎలా ఊడదీసిందో ఆమెకే తెలీదు. ఊడదీస్తుంటే వేళ్లకి వెచ్చగా, ముడతలు ముడతలుగా ఏదో తగిలింది. సంచీ అందుకుని గడప దాటుతుంటే, వెనక తాత మంచం వైపు వంగి ఏదో వింటున్నాడు. "అవునా... పాపం కదూ..." అంటున్నాడు. ఎవరి గురించో ఆగి వినే ధైర్యం లేకపోయింది. కొండ దిగేదాకా వెనక్కి తిరగలేదు.

జరిగింది ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి ఎవరున్నారు గనక? మళ్లీ గురువారం రాగానే ఆ ఇల్లొక్కటీ మానేద్దామనుకుంది. కానీ ముసలాయన మాత్రలు అయిపోయి ఉంటాయి. కాళ్లు ఈడ్చుకుంటూ వెళ్లింది.

ఎండ కాస్తోంది. తాత అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. బీపీ నూట నలభైకి దిగింది. లోపల మంచం ఎత్తి గోడకి ఆనించి ఉంది.

నర్సమ్మ గుండె చిక్కబట్టుకుని అడిగింది. "అవ్వని... చూడొద్దా?"

తాత వింతగా చూశాడు. "ఇక్కడెక్కడుందమ్మా? 'నువ్వెలాగో మందు మింగి బతికేస్తావు, ఆ పిల్లకే ఎవరూ లేరు' అని పోయిన వారం నీ వెంటే వచ్చేసిందిగా!" అని, ఓ క్షణం ఆగి, "రాలేదా?" అన్నాడు.

నర్సమ్మకి పొద్దుటి సంగతి గుర్తొచ్చింది. ఆ పొద్దున టీ కాచుకుని, ఏదో ధ్యాసలో రెండు గ్లాసుల్లో పోసింది. తన పరధ్యానానికి తనే నవ్వుకుని స్నానానికి వెళ్లింది. వచ్చి చూస్తే గది తలుపు గడియ వేసింది వేసినట్టే ఉంది. గ్లాసులు రెండూ శుభ్రంగా కడిగి బోర్లించి ఉన్నాయి.

తనే తాగేసి, కడిగి, మర్చిపోయాననుకుంది... పొద్దున.