దేవయ్య మడిగెలో చప్పుడు

కోరుట్ల పాత బజారులో దేవయ్య మడిగె వైపు చీకటి పడ్డాక ఎవరూ తిరిగి కూడా చూడరు. అది దుకాణం కాకముందు నేతగాళ్ల ఇల్లట. మగ్గం మీద సగం చీర ఉండగానే ఒకాయన పోయాడట. పోయినవాడు పోయినట్టు ఉన్నాడా... ఏడాదిగా రాత్రయితే లోపల ఒకటే చప్పుడు. సెల్‌ఫోన్ల దుకాణం పెట్టినతను సామాను వదిలేసి పరారయ్యాడు. ఆ తర్వాత వచ్చిన మిఠాయిల ఆయన అంతకన్నా తొందరగా పోయాడు.

ఈ సంగతంతా నాకు సంధ్యారాణి చెప్పింది, నా రవికకు కొలతలు తీసుకుంటూ. దెయ్యం కథను ఇంత సంబరంగా చెప్పే మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

సంధ్యారాణిది సిరిసిల్ల. పెళ్లయి కోరుట్ల వచ్చింది. ఇంట్లో మిషన్ కుడితే చప్పుడని ఇంటివాళ్లతో రోజూ గొడవ. చూస్తే బతుకమ్మ ముందర... కుట్టాల్సిన రవికలు మంచం నిండా ఉన్నాయి. మిషన్ పెట్టుకునే జాగ దొరక్కపోతే ఆ గిరాకీ అంతా జగిత్యాలకు పోతుంది. పాత బజారంతా కాళ్లరిగేలా తిరిగింది. చెక్క తలుపుల మడిగెలన్నీ అందంగానే ఉన్నాయి గానీ అద్దె వింటే గుండె గుభేలుమంది. ఆమెకు అందేది ఒక్క దేవయ్య మడిగే.

పాపం దేవయ్య నిజాయితీ మనిషి.

"అద్దె సంగతి తర్వాత బిడ్డా," అన్నాడు గొంతు తగ్గించి. "ముందుగాల ఒక్క రాత్రి పండుకొని చూడు. తెల్లారి గూడ ఉంటనంటే తాళంచెయ్యి ఇస్త. అడ్వాన్సు తీసుకునుడు, వాపస్ ఇచ్చుడు... బజార్ల పరువు పోతున్నది."

సరేనంది. మిషన్ తెచ్చి పెట్టుకుంది. తలుపులు వేసి చాప పరుచుకుంది. బజారు సద్దుమణిగింది. లైటు ఆర్పిందో లేదో—

టక టక... టక టక... టక టక...

గోడలోంచి. సరిగ్గా తల దగ్గర.

ఇంకొకరైతే తలుపులు విరగ్గొట్టుకుని పరుగెత్తేవాళ్లు. సంధ్యారాణికి ఏమైందంటే... నిద్రొచ్చింది. ఆమె పుట్టి పెరిగిందే సాంచాల మధ్య. సిరిసిల్లలో మరమగ్గాలను అట్లాగే అంటారు, అవి రాత్రింబగళ్లు ఆడుతూనే ఉంటాయి.

"పెళ్లయినంక గసుంటి నిద్ర పోలేదక్కా," అంది నాతో. అంతలో ఎప్పుడో ఉలిక్కిపడి లేచింది. ఎందుకంటే... చప్పుడు ఆగింది. సాంచాల ఊరివాళ్లకు మెలకువ వచ్చేది చప్పుడయితే కాదు, ఆగిపోతే.

భయమంటే ఏంటో అప్పుడు తెలిసింది. గోడలో ఏదో మూలిగింది... సన్నగా... ఆ తర్వాత ఏడ్చింది.

"ఎవరది?" అంది.

ఏడుపు ఆగలేదు గానీ, గోడ మాట్లాడింది.

"నేనక్కా... నీలను. ఎనక గల్లీల ఉంట."

నడుమ ఉన్నది ఒక్క గోడ. అందులో పాతకాలపు గూడు, అక్కడ గోడ మందం అట్టముక్కంత. ఆ వెనక గది తలుపు వేరే గల్లీలోకి, అందుకే బజారులో ఎవరికీ ఆమె సంగతి తెలియదు. నీలదీ సిరిసిల్లే. దవాఖానలో పని దొరికి ఏడాది కింద చంటిపిల్లతో వచ్చింది. మొగుడు మధుకర్ సిరిసిల్లలోనే సాంచాల మీద రాత్రి షిఫ్టులో ఉన్నాడు. సాంచాల చప్పుడు లేనిదే పిల్ల కన్ను మూయదు. అందుకని అతను ఫోన్ కలిపి సాంచాల పక్కన పెడతాడు, ఈమె ఇక్కడ గూట్లో స్పీకర్ పెడుతుంది.

"మరి గిప్పుడెందుకు ఆగింది?"

"ఆడ కరెంటు పోయిందట అక్కా."

పిల్ల గుక్కపట్టింది. సంధ్యారాణి లేచి మిషన్‌ను గోడకు ఆనించి తొక్కడం మొదలుపెట్టింది. ఒక రవిక అయింది, ఇంకొకటి అయింది. పిల్ల నిద్రపోయింది.

తెల్లారి దేవయ్య నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు, శవాన్ని మోసుకుపోవడానికే అన్నట్టు.

"ఏమన్న ఇనచ్చిందా బిడ్డా?"

"ఇనచ్చింది కాకా. మంచిగ నిద్ర పట్టింది."

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. మొత్తం చెబితే మిఠాయిల ఆయన ఎక్కువ అద్దె పట్టుకుని మళ్లీ దిగిపోతాడు కదా. తాళంచెయ్యి ఆమె చేతిలో పడింది.

నేను పడీ పడీ నవ్వాను. "గా ఫోన్ చప్పుడుకేనా బజారంతా వణికింది?"

సంధ్యారాణి టేపు నా భుజం మీద ఆపింది.

"ఒక్కటి చెప్పలే అక్కా," అంది మెల్లగా. "నేను మిషన్ ఆపి పండుకున్నంక గూడ టక టక ఇనచ్చింది. కరెంటు అచ్చినట్టున్నదని కండ్లు మూసుకున్న. తెల్లారి నీల అడిగితే మధుకర్ ఏమన్నడో ఎరుకేనా... పొద్దెక్కేదాక ఆడ కరెంటే రాలేదట."

నేను గబుక్కున ఆమె వైపు తిరిగాను.

"మరి... గా చప్పుడు చేసిందెవరు?"

"ఎవరైతేంది?" అని పకపకా నవ్వింది. "గా మగ్గం ఆయన ఉన్నన్ని రోజులు నా అద్దె పెరగది. చెయ్యి లేపక్కా, చంక కొలత తీసుకోవాలె."