దోల్‌వత్‌లో ఒంటి అడ్డకర్ర

చీకటి పడ్డాక దోల్‌వత్ మీదుగా ఎవరూ పోరు. కొండ దిగి రేవూరికి రావడానికి అదే దగ్గరి దారి. అయినా సరే — ఎద్దుల బేరగాళ్ళు, సారా పడితే పులులైపోయే మొగవాళ్ళు, ఎవర్నీ లెక్కచెయ్యని కుర్రకారు — అందరూ బుద్ధిగా చుట్టు తిరిగే వస్తారు. కాళ్ళు నొప్పి పుడితే పుట్టాయి, ప్రాణం తీపి కదా.

అక్కడ ఊరు లేదు. ఒకప్పుడుండేది. ఒక చలికాలంలో, తిరుగుబాటుదార్లకి తిండి పెట్టారని సిపాయిలొచ్చి తగలబెట్టారు, బయటికి పరిగెత్తినవాళ్ళని కాల్చేశారు. ఇప్పుడు మిగిలింది మసిబారిన రాతిగోడలు, పెరట్లోంచి ఇళ్ళలోకే చొరబడ్డ వెదురు, ప్రతి వాకిట్లో కన్నాలు తొలిచిన రెండేసి రాతి స్తంభాలు.

అసలు గొడవంతా ఆ స్తంభాల దగ్గరే.

మా జెజు దీవిలో ఇళ్ళకి తాళాలుండవు. వాకిట్లో రెండు రాళ్ళ మధ్య మూడు అడ్డకర్రలు, అంతే. మూడూ కింద పడుంటే ఇంట్లో మనుషులున్నారు, తిన్నగా లోపలికి వెళ్ళిపోవచ్చు. ఒక్కటి అడ్డం ఉంటే — ఇక్కడే పక్కకెళ్ళారు, ఇప్పుడే వస్తారు. రెండుంటే సాయంత్రానికొస్తారు. మూడూ ఉంటే దూరప్రయాణం, ఎప్పుడొస్తారో తెలీదు. పాలు తాగే పిల్లకి కూడా తెలిసిన సంగతే ఇది.

మరి దోల్‌వత్‌లో, నరమానవుడు లేని ఆ ఊళ్ళో, ప్రతి వాకిట్లోనూ ఒక కర్ర ఉంటుంది. ఒక్కటే. పాతది పుచ్చిపోతే కొత్తదొస్తుంది. అంటే... చచ్చినవాళ్ళు చెబుతున్నారన్నమాట — ఇక్కడే ఉన్నాం, ఇప్పుడే వస్తాం అని.

దానికి తోడు ఈల. వెదురు పొదల్లోంచి సన్నగా... పొడుగ్గా... ఆ ఈల విని ఒక బేరగాడు ఎద్దునక్కడే వదిలేసి పరిగెత్తాడట. వారం రోజులు జ్వరంతో పక్క మీంచి లేవలేదట. ఎద్దు మాత్రం తాపీగా గడ్డి మేసి, తెల్లారాక ఇల్లు చేరింది.

తేసూన్ పుట్టింది ఆ ఊళ్ళోనే, ఊరు కాలేనాటికి చంటిపిల్ల. పెంచింది మాత్రం రేవూళ్ళో పెద్దమ్మ బొక్నే. ఊపిరి బిగబట్టి సముద్రం అడుగుకి మునిగి, చిప్పలూ నత్తలూ ఏరుకొచ్చే మనిషి. కాలిపోయిన ఊరి పిల్ల అంటే పోలీసుల కన్ను పడుతుందని, కాగితాల్లో సొంత కూతురిగా రాయించింది. ఆ ఊరి మాటెత్తితే జైలుకి ఈడ్చుకుపోయే రోజులవి. దీవిలో ఇళ్ళకి తాళాల్లేవు గానీ, నోళ్ళకి మాత్రం ఉన్నాయి.

“పెద్దమ్మా, మా నాన్న పేరేంటి?”

“మర్చిపోయాను.”

“సొంత చెల్లెలి మొగుడి పేరు మర్చిపోయావా?”

“ముసల్దాన్నయ్యానే. నిన్నేం తిన్నానో కూడా గుర్తులేదు. పో, ఆ చిప్పలు కడుగు.”

తేసూన్ చిన్నప్పుడు అడిగినా అదే జవాబు, పెళ్ళి నాడు అడిగినా అదే జవాబు. ఇప్పుడు తేసూన్ ఒళ్ళో చంటిపిల్ల ఉంది. రేపు అది ‘మా అమ్మమ్మ ఎవరు’ అనడిగితే ఏం చెప్పాలి? మర్చిపోయానని చెప్పాలా?

పైగా రేవూరి పెద్ద హ్యన్ దోల్‌వత్ నేలని కమలాతోటకి బేరం పెట్టేశాడు. స్తంభాలు, గోడలు పీకి, ఆ రాళ్ళతోనే తోట చుట్టూ గాలికి అడ్డుగోడ కడతారట. కూలీలు రెండుసార్లు వెళ్ళి, కర్రలు చూసి, గునపాలు పారేసి పారిపోయారు. ఈసారి హ్యన్ రాళ్ళు కొట్టే దల్‌మన్‌ని పట్టుకొచ్చాడు. కొండ అవతల ఉండే ఆ మనిషి రోజుకి నాలుగు మాటలాడితే ఎక్కువ. దెయ్యాలంటే భయం లేదన్నాడు. తెల్లారితే పని మొదలు.

రాళ్ళు పోతే ఏ ఇల్లు ఎక్కడుండేదో ఇక ఏ దేవుడూ చెప్పలేడు. తేసూన్ పిల్లని మొగుడి చేతిలో పెట్టింది.

“ఈ రాత్రప్పుడా? దెయ్యాలున్న చోటికా?” అన్నాడతను.

“అక్కడ దెయ్యాలంటూ ఉంటే, అందులో ఇద్దరు మా అమ్మానాన్నలే. నన్నేం చేస్తారు?”

అంత మాట అంది గానీ, దోల్‌వత్ మొదటి గోడ దాటేసరికి అడుగు నెమ్మదించింది. వెన్నెల పల్చగా ఉంది. గాలి లేదు... అయినా వెదురు కదులుతోంది.

మొదటి వాకిలి — ఒక కర్ర. రెండోది — ఒక కర్ర. మూడోదాని మీద చెయ్యి వేసింది. తడి... పచ్చికర్ర. ఇప్పుడే కొట్టి తెచ్చినట్టు జిగురు వేళ్ళకంటుకుంది.

అప్పుడు వినపడింది గుసగుస.

“...గో వాళ్ళిల్లు. తాత, కోడలు, ఇద్దరు పిల్లలు... పక్కది యాంగ్ కమ్మరి ఇల్లు...”

తేసూన్ గోడకి అతుక్కుపోయింది. వెదురు పక్కకి జరిగింది. పొట్టిగా, నల్లగా, భుజం మీద పొడుగాటి కర్రతో... ఒక ఆకారం. నడిచింది. ఆగింది. ఆయాసంతో రొమ్ము ఎగరేసి — ఈల!

సన్నగా, పొడుగ్గా, చివర్లో కాస్త విరిగి.

తేసూన్ చెవి రిక్కించింది. మరుక్షణం భయమంతా ఎగిరిపోయింది. నీళ్ళలోంచి పైకి తేలిన ఆడవాళ్ళు, బిగబట్టిన ఊపిరి వదిలే ఈల అది. ఒక్కొక్కరిది ఒక్కో తీరు. ఒడ్డున నిలబడ్డ పిల్లలు తల కనపడకుండానే ‘మా అమ్మ!’ అనేస్తారు. చివర్లో విరిగే ఆ ఈలని తేసూన్ చిన్నతనమంతా ఒడ్డున నిలబడి వింది.

“పెద్దమ్మా!”

“అమ్మో, దెయ్యం!” కర్ర కింద పారేసి కెవ్వుమంది దెయ్యం.

ఇద్దరూ నేల మీద కూలబడ్డారు. ఒకరి మొహం ఒకరు తడుముకున్నారు. ముందు బొక్నే తిట్టింది, తర్వాత తేసూన్ ఏడ్చింది.

“మర్చిపోయానన్నావు కదే!”

“మెల్లగా! మర్చిపోతానుటే? ఇంటికో పేరు, పేరుకో మొహం... మీ నాన్న బూ గీమాన్. గుర్రాలకి నాడాలు కొట్టేవాడు, పాట పాడితే పీనుగ గొంతు. మా చెల్లెలు మెసిల్ — వాడి పాట కూడా బాగుందనేది, పిచ్చిది. నీ వెన్ను దేనికి ఆనుకునుందో, అదే మీ వాకిలి.”

తేసూన్ వెనక్కి తిరిగి ఆ రాతిస్తంభాన్ని రెండు చేతులా వాటేసుకుంది. చాలాసేపు వదల్లేదు.

“ఇన్నేళ్ళూ ఒక్క ముక్క చెప్పలేదేం?”

“నేను నోరెత్తితే జైలు. దెయ్యం నోరెత్తితే? వాళ్ళే పరుగు. దెయ్యం మీద కేసు పెట్టే పోలీసు ఇంకా పుట్టలేదే.” బొక్నే కర్ర తీసుకుని దుమ్ము దులిపింది. “కాల్చినవాళ్ళు మూడు కర్రలూ పెట్టి పోదామనుకున్నారు. ఇక రారు, అయిపోయింది, అని. నేను పెట్టను. ఒక్కటే పెడతా. ఇక్కడే ఉన్నారు అంతే. లే. మొదటి వాకిలి నుంచి చెప్పు.”

“ఏం చెప్పను?”

“పేర్లే! నా ఊపిరి ఇదివరకట్లా ఆగటం లేదు. రేపు నేను నీళ్ళలోనే ఉండిపోతే ఈ ఊరు నాతో మునిగిపోవాలా?”

ఇద్దరూ వాకిలి వాకిలికీ తిరిగారు. తేసూన్ ఒక్క పేరు తప్పితే చాలు, “మొదట్నించీ!” అని వెనక్కి నడిపించింది ముసల్ది. ఎవరి కోడలు గయ్యాళో, ఎవరి పంది ఎవరి తోటలో పడిందో, అన్నీ చెప్పింది. తేసూన్ ఏడుస్తూనే నవ్వింది.

చివరి ఇల్లొక్కటి మిగిలింది. బొక్నే తేసూన్ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“దీని దగ్గర మాత్రం నేను నిలబడను. కర్ర పెట్టి పరుగే.”

“ఎందుకు?”

“చూడు.”

కర్రలు అడ్డంగా లేవు. మూడూ కింద పరిచి ఉన్నాయి... వరసగా, పద్ధతిగా.

“పెట్టిన ప్రతిసారీ నేనొచ్చేసరికి ఇలాగే ఉంటుంది,” అంది ముసల్ది. “దోల్‌వత్‌లో దెయ్యాన్ని నేనేననుకున్నాను... ఇంకొకటి ఉందే.”

మూడూ కింద. ఇంట్లో మనుషులున్నారు.

“లోపలెవరు?” అంది తేసూన్.

లోపల ఎండాకు ఒకటి... ఎవరో కాలు మార్చినట్టు... చిట్లింది. ఇద్దరూ వెనక్కి చూడకుండా గీమాన్ వాకిలి దాకా పరిగెత్తి, స్తంభాల మధ్య ఒకర్నొకరు పట్టుకుని కూర్చున్నారు.

తెల్లారాక హ్యన్ కూలీల్ని తోలుకొచ్చాడు. దల్‌మన్ మాత్రం వాళ్ళతో రాలేదు. గునపం భుజాన వేసుకుని, వెదురు వైపు నుంచి వచ్చి కలిశాడు.

“ఏంటమ్మా ఇది? దెయ్యం గానీ పట్టిందా?” అన్నాడు హ్యన్ వాకిట్లో కూర్చున్న ఆడవాళ్ళని చూసి.

“పట్టలేదు. దెయ్యాన్ని నేనే,” అంటూ లేచింది తేసూన్. “కర్రలు పెట్టేది నేనే. ఇక పట్టపగలే పెడతాను.”

“నోర్ముయ్యవే!” బొక్నే ఆమె చెయ్యి పట్టి లాగింది. తేసూన్ వినలేదు.

“ఇది బూ గీమాన్ ఇల్లు. యాంగ్ మెసిల్ ఇల్లు. నేను వాళ్ళ కూతుర్ని. రాయి మీద చెయ్యి వెయ్యాలంటే ముందు నన్ను పీకండి!”

కూలీలు నేల చూపులు చూశారు. హ్యన్ మొహం తెల్లబోయింది. “ఆ పేర్లు గట్టిగా ఎత్తకమ్మా... గోడలకి చెవులుంటాయి.”

“ఉండనీ. ఈ గోడలు వినాలనే చెబుతున్నా. పక్కిల్లు యాంగ్ కమ్మరిది, ఆ పక్కది గో వాళ్ళది...”

“ఏయ్ దల్‌మన్, కానియ్! ముందు ఈ చివర్నుంచి పట్టు!”

దల్‌మన్ గునపం కింద పెట్టాడు. దారి చివరికి నడిచాడు. మూడు కర్రలూ కింద పరిచిన ఆ వాకిట్లో ఆగాడు.

“బాబూ, అక్కడికెళ్ళకు!” అరిచింది బొక్నే. “అందులో...”

“తెలుసు పెద్దమ్మా. నువ్వు పెట్టిన కర్ర దింపి, ఇంకో రెండు పక్కన పరుస్తున్నది నేనే. రాత్రి లోపలున్నదీ నేనే.” అతను అన్ని మాటలు కలిపి మాట్లాడటం ఎవరూ ఎప్పుడూ వినలేదు. “ఈ పని ఇంకొకడి చేతిలో పడకూడదనే ఒప్పుకున్నాను. ఇక్కడ రాయి కదలదు.”

“మరి కర్ర ఎందుకు దింపుతావయ్యా? మీవాళ్ళు తిరిగి రావద్దా?” అంది బొక్నే.

“ఊరు తగలబెట్టిన నాడు అందరూ బయటికి పరిగెత్తారు. మా అమ్మకి కాళ్ళు పడిపోయాయి, లేవలేకపోయింది,” అన్నాడు దల్‌మన్. “ఆవిడ ఎక్కడికీ వెళ్ళలేదు, పెద్దమ్మా. ఇంట్లోనే ఉంది.”

తేసూన్ అతని పక్కకి వెళ్ళి నిలబడింది.

“ఆవిడ పేరు చెప్పన్నా. నేర్చుకుంటాను.”

“గో మల్‌చున్,” అన్నాడు దల్‌మన్, ఊరిపెద్దకి కూడా వినపడేలా.