గుమాస్తా గారి నీలం చొక్కా

పొద్దున్నే ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజేసి నాన్న లోపలికి వచ్చేసరికి, మహారాణి మూతి ముడుచుకుని మంచం మీద కూర్చుంది. అసలు పేరు బడి రిజిస్టరులో ఉంటే ఉండొచ్చు గాని, ఇంట్లో ఆ పిల్లకి ఆయన పెట్టుకున్న పేరు అదే. పదో తరగతిలో బడికంతా మొదటిగా వచ్చింది. ఆ రోజే బహుమతి. అమ్మకి పాచిపనికి సెలవు దొరకలేదు కనుక నాన్నే వెళ్లాలి.

"ఈ చొక్కాతోనే వస్తావా?" అంది.

"దీనికేమైందే? ఉతికిందేగా."

"కాలరు చిరిగింది. పొట్ట మీద నిప్పురవ్వల చిల్లులు. అందరూ నవ్వుతారు నాన్నా."

ఇస్త్రీ అయిన బట్టల్లోంచి ఒక లేత నీలం చొక్కా తీసి ఇచ్చింది. అదెవరిదో కూడా చూడలేదు. నాన్న చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"పరాయి బట్ట తల్లీ. ఇరవై ఏళ్లలో ఒక్కటీ ఒంటిమీద వేసుకోలేదు. వీధంతా నన్ను నమ్మి ఇస్తోంది."

"ఒక్క గంటేగా! లేకపోతే అసలు రాకు."

ఆయన ముఖం చిన్నబోయింది. చొక్కా అందుకుని తొడుక్కున్నాడు.

బహుమతి అందింది, చప్పట్లు మోగాయి. మెట్లు దిగుతుంటే బడి గుమాస్తా అడ్డం వచ్చాడు.

"ఆగవయ్యా. ఇది నా చొక్కా కదూ? మూడో గుండీ మా ఆవిడ ఎర్రదారంతో కుట్టింది."

చుట్టూ ఉన్న తలలన్నీ ఇటు తిరిగాయి.

"తప్పయిపోయిందండీ. బుద్ధి గడ్డి తిని వేసుకున్నాను" అన్నాడు నాన్న. కూతురి వైపు కన్నెత్తి చూడలేదు, చూస్తే ఎక్కడ దొరికిపోతుందోనని.

నేనే ఇచ్చానని మహారాణి ఒక్క ముక్క అంటే సరిపోయేది. అన్ని పాఠాలూ గడగడా అప్పజెప్పిన నోరు, కావలసిన వేళ పెగల్లేదు.

మర్నాడు నాన్న ఇస్త్రీ బండి దగ్గరికి ఒక్క మూటా రాలేదు. అమ్మ అగ్గిమీద గుగ్గిలమైంది.

"ఈ వయసులో నీకు సోకులేమిటయ్యా? ఇక మనల్ని నమ్మి బట్టలెవరిస్తారు?"

నాన్న తల వంచుకుని, అవసరం లేకపోయినా బొగ్గుల మీద విసనకర్రతో విసురుతున్నాడు. మహారాణి ఇక పట్టలేకపోయింది.

"ఆయన్ననకమ్మా! నేనే వేసుకోమన్నాను. లేకపోతే రావద్దన్నాను."

అమ్మ ఎత్తిన చెయ్యి అలాగే దిగిపోయింది. "మరి అక్కడే ఎందుకు చెప్పలేదే?"

"సిగ్గేసింది."

"ఆయనకి వెయ్యలేదనుకున్నావా?"

ఆ మాట పిల్ల గుండెల్లో దిగబడింది. నీలం చొక్కా ఉతికి, ఆరబెట్టి, తనే ఇస్త్రీ చేసి గుమాస్తా గుమ్మం ముందు నిలబడింది. ఇరుగుపొరుగు వింటుండగానే, "మా నాన్న తప్పు లేదండీ, నేనే ఇచ్చాను" అని చెప్పింది. గుమాస్తా చొక్కా అందుకుని తలుపు వేసుకున్నాడు.

సాయంత్రం ఆయన భార్య రెండు దుప్పట్లు తెచ్చి బండి మీద పెట్టి వెళ్లింది. దుప్పట్లయితే ఎవరూ వేసుకోలేరు కదా. అది అర్థమై కూడా నాన్న వాటిని అపురూపంగా మడత విప్పాడు.

మహారాణి దండెం మీది నాన్న పాత చొక్కా తెచ్చి ఇస్త్రీకి బండి మీద పరిచింది.

"దానికెందుకే బొగ్గు దండగ?"

వీధి బట్టలన్నీ నలగకుండా చూసే మనిషి, తన చొక్కా ఒక్కనాడూ ఇస్త్రీ చేసుకోలేదు. ఇస్త్రీ చేస్తూ ఒక్కో చిల్లూ చూస్తుంటే ఆ పిల్లకి కళ్లు మసకబారాయి.

"రేపు బడికెళ్లి సర్టిఫికెట్టు తెచ్చుకోవాలి. ఇది వేసుకుని రా నాన్నా."

"నేనెందుకు తల్లీ, మళ్లీ..."

"నువ్వు రాకపోతే నేనూ వెళ్లను."

రేపటిదాకా ఆగకుండా నాన్న ఇంకా వేడిగా ఉన్న ఆ చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు మాత్రం కూతురే పెట్టింది.